టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కి ముందు లోడర్: వెనక బరువు కట్టాలా, వద్దా?

సూర్యాపేట రైతు
45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండి ఉంది. పెంట, చెరువు మట్టి ట్రాలీకి ఎత్తడానికి ముందర బకెట్ ఉండే లోడర్ పెట్టిద్దామనుకుంటున్న. జేసీబీ కిరాయి గంటకు వెయ్యి దాటింది, సీజన్‌ల పిలిస్తే రాదు. లోడర్ కట్టే షెడ్డాయన ‘వెనక ఏం అక్కర్లేదు, టైర్లల్ల నీళ్లు నింపుకో, సరిపోతది’ అన్నడు. ఇంకొకాయన వెనక అర టన్ను దిమ్మ కట్టాలంటున్నడు. మా బాబాయి అసలే వద్దంటున్నడు, ముందు యాక్సిల్ పోతదట. ముందర బరువు, మళ్ల వెనక బరువు పెడితే బండి ఏం కావాలె? తెలిసినోళ్లు చెప్పండి.

బాపట్ల మాగాణి
పెట్టించుకోండి, భయం అక్కర్లేదు. మాకు వరే. వెనక దుక్కి చేసే రోటవేటర్ తగిలించి లిఫ్ట్ ఎత్తగానే ముందు చక్రాలు తేలికైపోతాయి, గట్టు దాటేటప్పుడు స్టీరింగ్ మాట వినదు. లోడర్ ఫ్రేము ఉంటే ఆ బాధే లేదు. కంపెనీవాళ్లు ముందు బంపర్‌కి వేసే ఇనప దిమ్మలూ అందుకేగా? ట్రక్కు నిండా ధాన్యంతో రేవు ఎక్కేటప్పుడు కూడా ముందు లేవదు. ముందు లోడర్, వెనక పనిముట్టు ఉంటే బండి మీద బరువు సమానంగా సర్దుకుంటుంది. ప్రత్యేకంగా దిమ్మ కట్టి డీజిల్ తగలేసుకోవడం దేనికండీ? నేనైతే ఏడాది పొడుగునా లోడర్ ఊడదీయను.

అనంతపురం అగ్రి ఇంజనీర్
తమ్ముడూ, బాపట్ల వారు చెప్పింది ఖాళీ బకెట్‌కి సరిపోతుంది. నువ్వు అడిగింది నిండు బకెట్ గురించి. లెక్క వేసి చూద్దాం. మోడల్‌ని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, తీరు మాత్రం మారదు.

నీ బండి బరువు 2,000 కిలోలు అనుకో. ముందు యాక్సిల్ మీద 800, వెనక 1,200. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2 మీటర్లు. లోడర్ మొత్తం 400 కిలోలు, దాని బరువు ముందు యాక్సిల్‌కి అర మీటరు ముందు పడుతుంది. బకెట్లో తడి మట్టి 500 కిలోలు, అది మీటరున్నర ముందు వేలాడుతుంది.

ఆ 500 కిలోలు ముందు యాక్సిల్ మీద 500గా పడవు. బండి ముందు యాక్సిల్ మీద తూగుతుంది కాబట్టి, వెనక చక్రాల మీంచి 375 కిలోలు లాక్కుని మొత్తం 875గా పడతాయి. 400 కిలోల లోడర్ కూడా అంతే: ముందు 500గా పడి, వెనక 100 తగ్గిస్తుంది. ఇప్పుడు ముందు 2,175, వెనక 725. అంటే ఖాళీ బండిలో ఉన్నదానికి ముందు యాక్సిల్ మీద దాదాపు 2.7 రెట్లు పడింది.

షెడ్డాయన మాట ప్రకారం రెండు వెనక టైర్లలో కలిపి 400 లీటర్ల దాకా నీళ్లు పోశావనుకో. వెనక 1,125 అవుతుంది. ముందు మాత్రం అదే 2,175. ఒక్క కిలో కూడా తగ్గదు, ఎందుకంటే నీళ్ల బరువు సరిగ్గా వెనక యాక్సిల్ మీదే ఉంది.

అదే 500 కిలోల దిమ్మని వెనక పనిముట్లు తగిలించే మూడు చేతుల త్రీ పాయింట్ లింకేజ్‌కి, వెనక యాక్సిల్‌కి మీటరు వెనగ్గా తగిలించు. వెనక 750 పెరుగుతుంది, ముందు నుంచి 250 తగ్గుతుంది. ముందు 1,925, వెనక 1,475. బండి మొత్తం బరువు పెరిగినా ముందు యాక్సిల్ మీద భారం తగ్గింది. అందుకే వెనక దిమ్మని అదనపు భారం అనుకోవద్దు. నీళ్లు పోసుకోవచ్చు, మంచిదే, కానీ దిమ్మకి బదులు కాదు.

ఖమ్మం మెకానిక్
ఇంజనీర్ గారి లెక్క నేను షెడ్డులో చేతులతో చూస్తుంటా. వెనక ఏమీ లేకుండా లోడర్ తోలిన బండి వస్తే ముందు చక్రం జాకీ మీద లేపి పైన, కింద పట్టుకుని ఊపుతా. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కింగ్ పిన్ చుట్టూ ఉండే బుష్ అరిగిపోయి చక్రం లొడలొడ ఆడుతుంది. హబ్ మూత తీస్తే గ్రీజు నల్లగా, అందులో ఇనప రజను మెరుస్తూ ఉంటుంది. ఆ బేరింగు ఇక పనికిరాదు.

దానికన్నా పెద్ద ఖర్చు ఇంకొకటుంది. ట్రాక్టర్‌కి లారీలాగా వేరే ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఒకదానికొకటి బోల్టులతో బిగించిందే దాని వెన్నెముక. కొంతమంది లోడర్‌ని ఇంజను పక్కన నాలుగు బోల్టులతో ఆపేస్తారు. నిండు బకెట్ గుంటలో దిగిన ప్రతిసారీ ఆ విసురంతా ఇంజనుకీ క్లచ్ హౌసింగ్‌కీ మధ్య అతుకు మీద పడుతుంది. మొదట సన్నగా ఆయిల్ చెమరుస్తుంది, పట్టించుకోకపోతే హౌసింగ్ పగులుతుంది. ఫ్రేము రెండు వైపులా వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా రావాలి. అలా కట్టనంటే ఆ షెడ్డు నుంచి లేచి వచ్చెయ్.

ఇంకో మాట. బండి వారంటీలో ఉంటే కంపెనీ ఒప్పుకున్న లోడరే పెట్టించు. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు.

బాపట్ల మాగాణి
లెక్క కాదనను. కానీ 3,400 కిలోల బండి మెత్తటి నేలలో తిరిగితే నేల గట్టిపడదా? క్లచ్ మీద పడదా? మా నల్లరేగడిలో బరువు పెంచినకొద్దీ బండి దిగబడుతుంది. వెనక ఎలాగూ రోటవేటర్ ఉంటుంది, అదే దిమ్మ అనుకోవచ్చుగా?

అనంతపురం అగ్రి ఇంజనీర్
రోటవేటర్‌ని దిమ్మగా వాడొచ్చు, అందులో తప్పు లేదు. సుమారు 400 కిలోలు ఉంటుంది, లింకేజ్ మీద పైకి ఎత్తి ఉంచితే పని చేస్తుంది. కాకపోతే బారుగా ఉంటుంది, ట్రాలీ పక్కన వెనక్కీ ముందుకీ తిప్పేటప్పుడు తగులుతుంది. మట్టి ఎత్తే పనిలో పొట్టి దిమ్మే సుఖం.

నేల గట్టిపడటం గురించి మీరన్నది గట్టి మాటే. అందుకే దమ్ము చేసేటప్పుడు లోడర్ ఊడదీయమంటాను. బురదలో సన్నటి ముందు చక్రాల మీద రోజంతా 400 కిలోల ఇనుము మోయించడం ఎందుకు? రోటవేటర్‌కి ముందు బరువు కావాలంటే కంపెనీ బంపర్‌కి వేసే ఆ ఇనప దిమ్మలే చాలు. లోడర్ పెట్టినప్పుడు మాత్రం వాటిని తీసెయ్యాలి. రెండూ ఉంచుకుని తిరిగే బండ్లు చాలా చూశాను, యాక్సిల్‌కి అది నిత్య శిక్ష.

క్లచ్, డీజిల్ కంటే నాకు భయమేసేది బ్రేకులు. మన ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే. వెనక 725 కిలోలే మిగిలితే, చెరువు కట్ట దిగేటప్పుడు పెడల్ తొక్కినా చక్రాలు జారతాయి తప్ప బండి ఆగదు. లాగే శక్తీ వెనక చక్రాలదే కాబట్టి మట్టి కుప్పలోకి బకెట్ దూర్చేటప్పుడు టైర్లు ఉన్నచోటే తిరిగి అరిగిపోతాయి.

పక్కకి పడటం ఇంకా ప్రమాదం. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క సెంటర్ పిన్ మీద ఊగుతుంది. అంటే బండి నిజానికి మూడు చోట్ల నిలబడి ఉంది: రెండు వెనక చక్రాలు, ఒక పిన్. ఆ త్రికోణంలో వెడల్పంతా వెనకే ఉంది. బరువు ముందు మొనకి జరిగినకొద్దీ పక్కలకి ఆసరా తగ్గిపోతుంది. అప్పుడు బకెట్ తల ఎత్తు దాకా లేపి మలుపు తిప్పితే, ఒక చక్రం చిన్న గుంటలో పడినా చాలు. నడిచేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదు. ట్రాలీ దగ్గరికి వచ్చి, తిన్నగా నిలబడ్డాకే లేపాలి. వెనక చక్రాల వెడల్పు పెంచుకునే వీలుంటే పెంచుకో. డ్రైవరు కొత్తవాడైతే మా జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, అక్కడి శిక్షణ గురించి కనుక్కుని పంపించు.

నిజామాబాద్ పసుపు
ఇంత తిప్పలెందుకు, ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే అయిపాయె. ముందు యాక్సిల్ బలంగ ఉంటది, ముందు చక్రాలు గూడ లాగుతయి.

ఖమ్మం మెకానిక్
లోడర్ పనికి అదే మంచి బండి, ఒప్పుకుంటా. కానీ దానికీ వెనక దిమ్మ కావాలి. ఆ ముందు యాక్సిల్లో గేర్లు పోతే టూ వీల్ బుష్‌ల ఖర్చుతో తేలదు.

సూర్యాపేట రైతు
మా బాబాయికి ఇదంతా చదివి వినిపించిన. ‘దిమ్మ కడితే సరే’ అన్నడు. ఆ దిమ్మ ఎట్ల చేయించాలె? బాపట్ల అన్నా, మీ బండి ముందు టైర్లు ఎన్నేండ్లు వచ్చినయి?

బాపట్ల మాగాణి
ముందు టైర్లు తొందరగానే పోతున్నాయి, అబద్ధం చెప్పను. కానీ జేసీబీ కిరాయితో పోలిస్తే నాకు గిట్టుబాటే. ఫ్రేము ఊడదీసి మళ్లీ బిగించడానికి ఇద్దరు మనుషులు, సగం పూట. అందరికీ అది కుదరదండీ.

అనంతపురం అగ్రి ఇంజనీర్
తేలిక దారి చెప్తా. 200 లీటర్ల పాత ఆయిల్ డ్రమ్ము తీసుకో. లింకేజ్ కింది చేతులకి రెండు పిన్నులు, పై లింకుకి ఒక పట్టీ ముందే వెల్డింగ్ చేయించి, నిండా కాంక్రీటు పోయించు. 480 కిలోల దాకా వస్తుంది. నీ 45 హెచ్‌పీ హైడ్రాలిక్ దాన్ని సునాయాసంగా లేపుతుంది. పై లింకు లేకుండా ఊగేలా మాత్రం కట్టొద్దు, గొలుసుతో వేలాడదీయొద్దు.

కట్టాక ఒక పని చెయ్యి. బకెట్ నిండా మట్టితో, బాగా కిందికి దించి, దగ్గర్లో ఉన్న వేబ్రిడ్జి కాటాకి పో. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక చీటీ, మొత్తం బండి ఎక్కించి ఇంకో చీటీ తీసుకో. రెండిటి తేడా వెనక బరువు. ముందు వచ్చిన అంకెలో సగాన్ని నీ ముందు టైరు పక్కన ముద్రించిన లోడుతో పోల్చి చూడు. దాటితే బకెట్ తగ్గించి నింపు, లేదా మందం టైర్లు వేయించు. వెనక పడేది మొత్తంలో మూడో వంతు కూడా లేకపోతే ఆ బండితో కట్ట దిగొద్దు. బాపట్ల వారూ, మీరు కూడా ఒకసారి కాటా వేయించి ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి, మీ బండికి ఎంత దిమ్మ కావాలో లెక్కేసి చెప్తాను.