2020లో మలావీలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఉన్నారా, కాస్త హెల్ప్ కావాలి

అందరికీ నమస్తే అండీ. 2020లో నేను ఆఫ్రికాలోని మలావీలో, బ్లాంటైర్ సిటీలో ఒక షాపులో అకౌంట్స్ చూసేవాణ్ణి. ఇప్పుడు మా చెల్లి ఎం.ఏ. ప్రాజెక్టుకి అప్పటి కరోనా, మాస్కుల సంగతులే అడుగుతోంది, నాకేమో సరిగ్గా చెప్పడం రావట్లేదు.

2019 మే ఎలక్షన్‌లో రిజల్ట్ షీట్ల మీద వైట్నర్ పూసి అంకెలు మార్చారని పెద్ద గొడవ, 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆ ఎలక్షన్నే కొట్టేసింది. ఏప్రిల్‌లో, ఆ ఎలక్షన్‌లో గెలిచాడన్న ప్రెసిడెంట్ ముతారికానే 21 రోజుల లాక్‌డౌన్ అంటే జనం ఎలా నమ్ముతారు చెప్పండి? మళ్లీ పెట్టాల్సిన ఎలక్షన్ ఆపడానికే ఇదంతా అన్నారు, మార్కెట్లో అమ్ముకునేవాళ్లయితే ఆకలితో చచ్చేకంటే కరోనాతో చావడమే నయమని రోడ్డెక్కారు, పేదల తిండి సంగతేంటని కేసు వేస్తే హైకోర్టు ఆ లాక్‌డౌన్‌ని ఆపేసింది.

నేనెక్కే మినీబస్సులో కండక్టర్ మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే. పోలీసులు కనపడగానే బస్సంతా మాస్కులు పైకి లాక్కునేది, దాటగానే మళ్లీ కిందకి. వాళ్లని తప్పుపట్టాలని నాకు అప్పుడూ అనిపించలేదు, లీడర్లే ఎలక్షన్ మీటింగులకి వేలమందిని పోగేస్తుంటే!

నా డౌట్ ఏంటంటే, జూన్ 23న మళ్లీ ఎలక్షన్ జరిగి ప్రతిపక్షం లీడర్ చక్వేరా గెలిచాక జనం మాస్కుల విషయంలో ఏమైనా మారారా? కోపం ఆ ముతారికా గవర్నమెంట్ మీదేనా, లేక ఎవరొచ్చినా అంతేనా? లిలాంగ్వే, ముజుజు వైపు ఉన్నవాళ్లు మీరు కళ్లారా చూసింది రాయండి ప్లీజ్, అప్పటి పేపర్ కటింగులున్నా పెట్టండి.