కడుపుతో ఉంటే చిగుళ్లలో రక్తం: తప్పు కూల్‌డ్రింకుదా, హార్మోన్లదా?

బెజవాడ_చెల్లి:
నాకు ఐదో నెల. పళ్లు తోముకుంటే రోజూ రక్తం. వేవిళ్లు ఇంకా తగ్గలేదు, ఏం తిన్నా ఇమడట్లేదు, మంచం పక్కన కోలా బాటిల్ పెట్టుకుని పొద్దుటి నుంచీ గుక్క గుక్క తాగుతుంటేనే కాస్త ప్రాణం లేచొస్తోంది. ఆ డ్రింకుల వల్లే చిగుళ్లు పాడయ్యాయని అత్తయ్య. కడుపుతో ఉంటే అందరికీ వచ్చేదే, పురుడయ్యాక పోతుందని అమ్మ. ఎవరి మాట వినాలి?

ఇద్దరు_పిల్లల_తల్లి:
మీ అమ్మగారి మాటే. రెండు కాన్పుల్లోనూ నేను కూల్‌డ్రింకు ముట్టలేదు, అయినా రక్తం వచ్చింది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరిగి చిగుళ్లు వాస్తాయి, రెండో మూడో నెలలో మొదలై ఎనిమిదో నెల దాకా ముదురుతుంది. అన్నం సయించని పిల్ల నోటి దగ్గర గ్లాసు లాక్కోకండి బాబూ. ఇప్పటికే ఇంటిల్లిపాదీ కాపలా కాస్తుంటారు!

పళ్ల_డాక్టర్_ఓరుగల్లు:
అక్కా, హార్మోను ఒక్కటే రక్తం తెప్పించదు. చిగురు అంచున పాచి ఉండాలి. మామూలు రోజుల్లో ఆ కాస్త పాచిని ఓర్చుకునే చిగురు ఇప్పుడు ఓర్చుకోలేదు, అంతే. ఆ పాచిలోని సూక్ష్మజీవులకు చక్కెరే మేత. 300 మి.లీ. కోలాలో 30 గ్రాములకు పైనే ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అయినా నన్ను భయపెట్టింది ఆ లెక్క కాదు, "గుక్క గుక్క" అన్న మాట. గ్లాసుడు ఒకేసారి తాగేస్తే నోట్లో పులుపు కాసేపటికి లాలాజలంతో తగ్గుతుంది, రోజంతా చప్పరిస్తుంటే పళ్లకు తెరిపే దొరకదు, దానికి తోడు వాంతుల్లో వచ్చే యాసిడ్.

నెల్లూరు_పెద్దమ్మ:
మరి ఇంట్లో తీసిన బత్తాయి రసం? చెరకు రసం?

పళ్ల_డాక్టర్_ఓరుగల్లు:
రసం తీస్తే అదీ చక్కెర లెక్కలోకే పెద్దమ్మా. బత్తాయి తొనలు తినమనండి, దాహానికి మజ్జిగ ఇవ్వండి. షుగర్ లేని కోలా కూడా పుల్లనిదే, పంటికి మంచిది కాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
చిగుళ్లు పాడైతే నెలలు నిండకుండానే కాన్పు అవుతుందని వీడియోల్లో ఊదరగొడుతున్నారు, మీరూ ఆ టెన్షనే పెడతారా?

పళ్ల_డాక్టర్_ఓరుగల్లు:
పెట్టను. రెండింటికీ లంకె కనిపించిన అధ్యయనాలు ఉన్నమాట నిజమే. కానీ 2006లో అమెరికాలో 823 మంది గర్భిణులతో చేసిన ట్రయల్‌లో చిగుళ్లకు వైద్యం చేసినా నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. చిగుళ్లు మాత్రం బాగుపడ్డాయి, వైద్యం వల్ల హానీ జరగలేదు. అందుకే బిడ్డ పేరు చెప్పి బెదిరించను, అలాగని క్లీనింగ్ పురుడయ్యేదాకా ఆపమని కూడా అనను. ఐదో నెల దానికి అనువైన సమయం, వెళ్లమ్మా. ఇంకోటి, వాంతి అయిన వెంటనే బ్రష్ పట్టకు. గ్లాసు నీళ్లలో చెంచాడు తినేసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయి, గంట ఆగి తోముకో.

ఇద్దరు_పిల్లల_తల్లి:
క్లీనింగ్ సరే. తీపి విషయంలో మాత్రం నేను ఒప్పుకోను, ముందు ఆ పిల్ల కడుపులో ఏదో ఒకటి పడనీయండి.

బెజవాడ_చెల్లి:
అయ్యో, నేను వాంతి కాగానే గట్టిగా తోమేసేదాన్ని! బాటిల్ మంచం పక్క నుంచి తీసేశా. భోజనం అయ్యాక చిన్న గ్లాసుడు మాత్రం మానలేను, అత్తయ్యకు ఎవరూ చెప్పకండి.