ఒకే పరిశోధనను ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయొచ్చా?

ప్రశ్న:
ఆరేళ్లు జర్మనీలో పరిశోధన చేసి ఈమధ్యే చెన్నై వచ్చాను. సీసపద్యం మీద ఇంగ్లీషులో అచ్చయిన నా వ్యాసాన్ని తెలుగులోనూ రాయాలని ఉంది, కానీ ఒకే పనిని రెండుసార్లు వేసుకున్నానంటారేమోనని టెన్షన్. పైగా వాక్యం కదలట్లేదు. "గమనించబడినది" అని రాస్తాను, కొట్టేస్తాను, మళ్లీ అదే రాస్తాను.

అడయార్ నుంచి:
దాచిపెడితేనే తప్పండి. మా వైద్య పత్రికలు పాటించే ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాల్లో వేరే భాషలో మళ్లీ ప్రచురించడానికి దారి ఉంది. రెండు పత్రికల సంపాదకులూ ఒప్పుకోవాలి, ఇది ఫలానా వ్యాసానికి రెండో ప్రచురణ అని పాఠకులకు స్పష్టంగా చెప్పాలి. మీ రంగంలోనూ ముందు ఇద్దరికీ మెయిల్ పెట్టండి, కాపీరైట్ ఎవరిదో చూసుకోండి.

మైలాపూర్ నుంచి:
అనువదించకండి, కొత్తగా రాయండి. సీసమంటే నాలుగు పెద్ద పాదాలు, కింద తేటగీతో ఆటవెలదో అని చెప్పడానికి ఇంగ్లీషులో ఒక పేరా పోయుంటుంది, మనవాళ్లకి అది అక్కర్లేదు, ఆ చోటు ఇంకో రెండు పద్యాలకి ఇవ్వండి. "గమనించాను" అంటే చాలు. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు చెన్నైలోనే, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, ఒకసారి వెళ్లి చూడండి.

అడిగినావిడ:
మెయిల్స్ పెట్టేశానండి. "గమనించాను" అని మొదలుపెడితే సాయంత్రానికి రెండు పేజీలయ్యాయి.