మాలర్ ఎనిమిదో సింఫనీ: వీడియోలో చూడాలా, వింటే చాలా?

రాగజిజ్ఞాసి:
2012 ఫిబ్రవరిలో వెనెజువెలా రాజధాని కారకాస్‌లో గుస్తావో డ్యుడమెల్ కండక్ట్ చేసిన (అంటే ఆర్కెస్ట్రాని నడిపించిన), ఆస్ట్రియా స్వరకర్త మాలర్ ఎనిమిదో సింఫనీ వీడియో చూశాను. లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మొనిక్, సిమోన్ బొలివార్ ఆర్కెస్ట్రా కలిసి వాయించాయి. వెనక వెయ్యి మందికి పైగా కోరస్. అమెరికాలో సినిమా హాళ్లలో లైవ్ కూడా వేశారు. నాకైతే కచేరీలా లేదు, జనాభా లెక్కలా ఉంది. అసలు ‘వెయ్యి మంది సింఫనీ’ అనే పేరు మాలర్ పెట్టలేదు. 1910లో మ్యూనిక్ తొలి ప్రదర్శన ఏర్పాటు చేసిన ఎమిల్ గుట్‌మన్ పబ్లిసిటీ కోసం తగిలించాడు. మాలర్‌కి అది నచ్చలేదు కూడా. స్క్రీన్ ఆపేసి వినండి, అదే మేలు.

గోదారిగట్టు:
పేరు సంగతి ఒప్పుకుంటానండీ. కానీ ఆ రోజు మ్యూనిక్‌లో వేదిక మీద నిజంగానే వెయ్యి మంది దాకా ఉన్నారు, కండక్ట్ చేసింది మాలరే. ఎనిమిది మంది సోలో గాయకులు, రెండు పెద్ద కోరస్‌లు, పిల్లల కోరస్, ఆర్గన్... ఇవన్నీ కావాలని రాసిందీ ఆయనే.

ఇంకో మాట. మొదటి భాగం చివర, మళ్లీ సింఫనీ చివర, కొన్ని ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఆర్కెస్ట్రాకి దూరంగా వేరే చోటి నుంచి మోగాలి. మేటర్ గ్లోరియోసా (మరియమ్మ) పాత్ర పాడేది కొద్దిసేపే, ఆ గొంతు పైనుంచి రావాలని ఆవిడను చాలా చోట్ల బాల్కనీలో నిలబెడతారు. ఇంట్లో రెండు స్పీకర్లలో ఈ దూరం, ఎత్తు ఎక్కడ తెలుస్తాయి? కెమెరా ఒక్కసారి అటు తిరిగితే చెవి కూడా అటే పోతుంది.

రాగజిజ్ఞాసి:
అక్కడ తిరిగితే సంతోషమే. రెండో భాగం మొదలు చూడండి. జర్మన్ కవి గోథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకం చివరి ఘట్టం, కొండలు, అడవి, సన్యాసులు. చాలాసేపు ఒక్క గొంతు వినిపించదు. కెమెరాకి అక్కడ పని లేదు, అలాగని ఊరుకోదుగా! వేళ్లు, చెమట, కండక్టర్ జుట్టు. ఆ తర్వాత కోరస్ గుసగుసలా అందుకుంటుంది. అది ఎక్కడినుంచి వచ్చిందా అని ఉలిక్కిపడాలి. పుస్తకాలు పట్టుకుని సిద్ధంగా ఉన్న మొహాల్ని ముందే చూపించేస్తే ఇంకేం మిగిలింది?

ఆల్టో_అమ్మాయి:
మా చర్చి కోరస్‌లో ఆల్టో (ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు) పాడతాను, అందుకే ఆ మొహాలే నాకు కావాలి. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో ఆడియోలో దొరకదు. మొదటి భాగం లాటిన్, రెండోది జర్మన్, రెండూ రానిదాన్ని, సబ్‌టైటిల్స్ లేకపోతే రెండో భాగంలో ఎవరు ఎవరో తెలిసేది కాదు.

కారకాస్ విషయంలో మాత్రం తప్పు కెమెరాది కాదు, సంఖ్యది. మొదటి భాగం మధ్యలో ఫ్యూగ్ (ఒకే బాణీని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే అల్లిక) వేగంగా పరిగెత్తుతుంది. అంతమంది పాడితే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి పదం కరిగిపోతుంది. వందమంది ఉన్నచోటే మాకు ‘త’ ఒకేసారి పడదు! కానీ వాళ్లలో చాలామంది 1975లో అబ్రేయు మొదలుపెట్టిన వెనెజువెలా సంగీత శిక్షణ పథకం ఎల్ సిస్తెమా పిల్లలు, డ్యుడమెల్ కూడా అక్కడివాడే. వాళ్లని ఇంటికి పొమ్మనాల్సిందా? నేనైతే అనలేను.

గోదారిగట్టు:
సంఖ్య గొడవ లేనిది కావాలంటే 1975లో బెర్న్‌స్టైన్ వియన్నా ఫిల్హార్మొనిక్‌తో చేసిన ఫిల్మ్ ఉంది. లేదా స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ ఉత్సవానిది. అక్కడ కండక్టర్ అబ్బాడో మాలర్ తొమ్మిది సింఫనీల్లో ఎనిమిదోది ఒక్కటే వదిలేశాడు. 2012లో ప్రకటించి కూడా మానుకుని మోజార్ట్ రెక్వియెమ్ చేశాడు. 2016లో అదే ఆర్కెస్ట్రాతో రికార్డో షాయీ ఆ లోటు తీర్చాడు.

రాగజిజ్ఞాసి:
షాయీది చూస్తాను. అబ్బాడో మానుకోవడం నా వైపు సాక్ష్యమని రాసుకుంటున్నా, మీరు ఒప్పుకోకపోయినా.