ఏడుగురిలో సగం ఎంత? బల్లమీది యుద్ధక్రీడల్లో భిన్నాలను ఎటు సవరించాలి?

పాత_పాచిక
మిత్రులందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి మినియేచర్లతో, అంటే చిన్న సైనిక బొమ్మలతో, ఆడే ఒక యుద్ధక్రీడకు సొంతంగా నియమాలు రాసుకుంటున్నాం. అన్నీ కుదిరాయి గాని, భిన్నాల దగ్గర ఆగిపోయాం. నిన్నటి ఆటలో నా విలుకాళ్ల దళం పొగలో చిక్కుకుంది. పొగలో ఉన్న దళం సగం పాచికలే వేయాలన్నది మా నియమం. దళంలో ఏడు బొమ్మలున్నాయి. నేను నాలుగు పాచికలు తీసుకున్నాను. ఎదుటి ఆటగాడు నా అరచేతిలోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. ఏడో తరగతి చదువుతున్న నా మేనల్లుడు అక్కడే కూర్చుని చూస్తున్నాడు. “అర వస్తే పైకే సవరించాలి మామయ్యా, బడిలో అలాగే చెప్పారు” అంటూ ఆ పాచికను మళ్లీ నా చేతిలో పెట్టాడు. దానిమీద అరగంట వాదన నడిచింది.

ఇంతకీ భిన్నం వచ్చినప్పుడు పైకి సవరించాలా, కిందికా? ప్రతి దెబ్బకూ విడివిడిగా సవరించాలా, అన్నీ కూడాక చివర్లో ఒకేసారా? దళంలో నాలుగోవంతు కూలితే ధైర్య పరీక్ష (మిగిలినవారు నిలబడతారా, పారిపోతారా అని తేల్చడం) అని రాసుకున్నాం. ఏడులో నాలుగోవంతును ఎంతగా తీసుకోవాలి? పిల్లవాడికి ఏమని చెప్పాలి?

నియమావళి_ప్రియుడు
అచ్చయిన ఆటలే ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. మినియేచర్ల యుద్ధక్రీడ వార్‌హ్యామర్ 40,000 పదో ఎడిషన్ (2023) ప్రకారం ఒక విలువను మార్చేటప్పుడు ముందు భాగహారం, తరువాత గుణకారం, ఆ తరువాత కూడిక, చివరగా తీసివేత చేయాలి. అన్నీ అయ్యాక మిగిలిన భిన్నాన్ని పైకి సవరించాలి. పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (2014) ఇందుకు పూర్తిగా విరుద్ధం. అందులో భిన్నం సగమైనా, సగాన్ని మించినా కిందికే సవరించాలి. ఆ ఆట కూడా మినియేచర్ల ఆటల్లోంచి పుట్టినదే కాబట్టి దాన్ని పరాయిదని పక్కన పెట్టలేం.

పైకా కిందికా అన్నదాని కన్నా ఏది ముందు చేయాలన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆరు దెబ్బల బలాన్ని సగం చేసి ఒకటి తీసేస్తే రెండు వస్తుంది. ఒకటి తీసేసి సగం చేస్తే రెండున్నర వస్తుంది, పైకి సవరిస్తే మూడు. ముందు ఈ వరుసను రాసి పెట్టుకోండి.

గణితోపాధ్యాయిని
పాత_పాచిక గారూ, మీ మేనల్లుడు చెప్పింది సరైనదే. బడిలో మేము నేర్పేది కూడా అదే. సున్న నుంచి నాలుగు వరకు ఐదు అంకెలు కిందికి వెళ్తాయి, ఐదు నుంచి తొమ్మిది వరకు ఐదు అంకెలు పైకి వెళ్తాయి. రెండువైపులా సమానంగా ఉండటం వల్లే ఆ పద్ధతి నిలబడింది. ఆట కోసం పిల్లవాడి మనసులో ఉన్న పునాదిని కదిలించవద్దని నా మనవి.

కోడ్_రాత
ఇలాంటి బోధన వల్లే పెద్దయ్యాక కూడా జనం సవరణను ప్రకృతి నియమంలా భావిస్తున్నారు. నేను పద్దెనిమిదేళ్లుగా లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను, భిన్నాల సవరణే నా రోజువారీ పని. సున్నను ఎవరూ కిందికి సవరించరు, అది ఉన్నచోటే ఉంటుంది. ఎన్ని అంకెలు ఎటు వెళ్తున్నాయన్నది కాదు, ఎంత దూరం వెళ్తున్నాయన్నది చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు కిందికి వెళ్లినప్పుడు మొత్తం పది పదోవంతులు పోతాయి. ఐదు నుంచి తొమ్మిది వరకు పైకి వెళ్లినప్పుడు మొత్తం పదిహేను పదోవంతులు కలుస్తాయి. ఇది మొగ్గు కాకపోతే మరేమిటి?

అందుకే కంప్యూటర్లలో భిన్నాల లెక్కలకు 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం, సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు సవరించడాన్ని, వేరుగా చెప్పనప్పుడు పాటించే పద్ధతిగా పెట్టుకుంది. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3లో రెండున్నరను సవరించమంటే రెండు వస్తుంది, మూడున్నరను సవరించమంటే నాలుగు వస్తుంది. మీ ఏడుగురి దళం నాలుగు పాచికలు వేయాలి, ఐదుగురి దళం రెండే వేయాలి. దీనికి మించిన న్యాయం లేదు.

గణితోపాధ్యాయిని
కోడ్_రాత గారూ, సున్న విషయంలో నేను తప్పు చెప్పాను, మీ లెక్క ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఒక్క తప్పును పట్టుకుని మా వృత్తినంతా నిందించడం మర్యాద కాదు. నలభై మంది పిల్లల ముందు నిలబడి, సరిగ్గా సగం వచ్చినప్పుడు పక్క అంకె సరిసంఖ్యో బేసిసంఖ్యో చూడండని పదేళ్ల పిల్లలకు ఒక్కరోజు చెప్పి చూడండి. ముందు దగ్గరి పది ఏదో గుర్తించడం రావాలి. దానికోసం సంఖ్యారేఖ గీసి, 37 ముప్పైకి దగ్గరా నలభైకి దగ్గరా అని వేలు పెట్టి చూపించాలి. అది వచ్చాకే సరిగ్గా మధ్యలో ఉన్న 35 గురించి మాట్లాడగలం.

ఇంకో మాట. కొలతల్లో వచ్చే సంఖ్యలకు ఐదు తరువాత కూడా అంకెలు ఉంటాయి. సరిగ్గా సగం రావడం అరుదు. అలాంటిచోట పైకి సవరించడం వల్ల వచ్చే మొగ్గు దాదాపు ఏమీ ఉండదు. మీ పదిహేను పదోవంతుల లెక్క ఒకే దశాంశ స్థానం ఉన్న సంఖ్యలకే వర్తిస్తుంది.

రంగుల_కుంచె
మీరిద్దరూ బడిని పట్టుకుని కూర్చున్నారు గాని, అసలు దెబ్బ తిన్నది నాలాంటివాళ్లం. నేను మూడు నెలలు కూర్చుని రంగులు వేసిన రాక్షస బొమ్మకు 12 ప్రాణాలు, దానికి తగిలే దెబ్బల్లో సగమే లెక్కకు వస్తాయని ప్రత్యేక రక్షణ. ఎదుటి దళం ఏడు గుళ్లు కొట్టింది, ఒక్కొక్క గుండు బలం మూడు. మూడులో సగం ఒకటిన్నర, మేం ఆడిన ఆట నియమావళి ప్రకారం దెబ్బ దెబ్బకూ పైకి సవరిస్తే రెండు. ఏడు రెళ్లు పద్నాలుగు, బొమ్మ పోయింది. అన్నీ కలిపి చివర్లో సగం చేసి ఉంటే ఇరవై ఒకటిలో సగం పదిన్నర, పైకి సవరించినా పదకొండే. ఒక్క ప్రాణంతో నిలబడేది. ఆ రాత్రి దాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

ఇంతకన్నా ఘోరమేమిటంటే, బలం ఒకటి ఉన్న గుళ్ల ముందు ఆ రక్షణ ఉన్నా లేనట్టే. ఒకటిలో సగం అర, దాన్ని పైకి సవరిస్తే మళ్లీ ఒకటే. రక్షణ కోసం పాయింట్లు ఖర్చుపెట్టినవాడికి ఒక్క ప్రాణం కూడా మిగలదు.

నియమావళి_ప్రియుడు
రంగుల_కుంచె గారూ, దెబ్బ దెబ్బకూ సవరించడం నియమంలో ఉన్నప్పుడు దాన్ని అన్యాయం అనకూడదు. చివర్లో కలిపి సవరించాలంటే ప్రతి ఆటగాడూ అర ప్రాణాలను కాగితం మీద మోసుకు తిరగాలి. బల్లమీద ఆట వేగంగా సాగాలి కదా.

రంగుల_కుంచె
ఒక గీత గీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? వేగం పేరు చెప్పి లెక్క తప్పించవద్దు.

శేషం_పన్నెండు
అమెరికాలో 1980ల ప్రారంభంలో జరిగిన జాతీయ మదింపు పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఇచ్చిన ప్రశ్న ఒకటి గణిత విద్య గురించి మాట్లాడేవారందరికీ తెలిసిందే. సైన్యం బస్సులో 36 మంది పడతారు, 1,128 మంది సైనికులను తరలించాలి, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం చాలామంది సరిగానే చేశారు. భాగఫలం 31, శేషం 12. వారిలో చాలామంది జవాబుగా కూడా “31, శేషం 12” అనే రాశారు. పరీక్ష రాసిన మొత్తం పిల్లల్లో ఇలా రాసినవారు 29 శాతం. 32 బస్సులని రాసినవారు 23 శాతం.

ఇక్కడ శేషం సగంకన్నా బాగా తక్కువ. దగ్గరి పూర్ణాంకానికి సవరించాలన్న బడి సూత్రం పాటిస్తే 31 వస్తుంది, పన్నెండుమంది రోడ్డుమీద నిలబడతారు. ఎటు సవరించాలన్నది అంకెలో ఉండదు, సందర్భంలో ఉంటుంది. పాత_పాచిక గారి మేనల్లుడికి నేనైతే ముందు ఈ లెక్కే ఇస్తాను. ఆ తరువాత ఇంకొకటి: ఒక బొమ్మకు రెండు కవచపు ముక్కలు కావాలి, ఏడు ముక్కలున్నాయి, ఎన్ని బొమ్మలు పూర్తవుతాయి? అక్కడ మూడున్నర కచ్చితంగా మూడే.

కోడ్_రాత
ఈ బస్సుల ఉదాహరణ భావుకతకు బాగుంటుంది గాని, వేల లెక్కలు వరుసగా చేసేచోట ఒకేవైపు సవరించడం ఎంత ప్రమాదమో చూడండి. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1982లో తన షేర్ల సూచీని 1,000 దగ్గర మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీ తరువాత మూడో దశాంశం దాటిన అంకెలను కత్తిరిస్తూ పోయింది. 1983 నవంబరు నాటికి సూచీ 524 దగ్గర ఉంది, అసలు విలువ 1,098 పైచిలుకు. సరిసంఖ్య పద్ధతిని ఎగతాళి చేసేవారు దీనికేమంటారు?

గణితోపాధ్యాయిని
ఎగతాళి ఎవరూ చేయలేదు. పైగా వాంకూవర్‌లో జరిగింది కత్తిరింపు. మామూలుగా దగ్గరి అంకెకు సవరించి ఉన్నా అంత నష్టం వచ్చేది కాదు. మీ పద్ధతిని నేను కాగితం మీద పరీక్షించాను. ఆరు ముఖాల పాచిక వేసి సగం చేస్తే నిజమైన సగటు 1.75. అన్నీ పైకి సవరిస్తే 1, 1, 2, 2, 3, 3 వస్తాయి, సగటు 2. అన్నీ కిందికి సవరిస్తే 0, 1, 1, 2, 2, 3 వస్తాయి, సగటు 1.5. మీ సరిసంఖ్య పద్ధతిలో 0, 1, 2, 2, 2, 3 వస్తాయి, మొత్తం 10. అసలు మొత్తం పదిన్నర ఉండాలి. అంటే మొగ్గు తగ్గింది గాని పోలేదు. ఎందుకంటే ఒక పాచికలో అర మూడుసార్లే వస్తుంది, వాటిలో రెండు కిందికి, ఒకటి పైకి వెళ్తాయి. ఎంతోమంది కొనుగోలుదారుల ఖాతాలకు సరిపోయే పద్ధతి ఆరు ముఖాల పాచికకు అచ్చంగా సరిపోదు.

కోడ్_రాత
లెక్క మళ్లీ చేసి చూశాను. మీరు చెప్పింది నిజమే, పదే వస్తోంది. ఆరు విలువలకు నా పద్ధతి సమతూకం ఇవ్వదు. బోధన గురించి మొదట రాసిన మాట కటువుగా ఉంది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒకటి గమనించండి. ఇలాంటి ఆటల్లో సగం చేయడమే ఎక్కువ కాబట్టి మనకు వచ్చే భిన్నం ఎప్పుడూ అరే. కొలతల్లో అరుదని మీరన్న ఆ సరిగ్గా సగం ఇక్కడ ప్రతి రెండో సంఖ్యకూ వస్తుంది. కాబట్టి ఎటు సవరించినా సగటున పావు చొప్పున మొగ్గు తప్పదు.

నియమావళి_ప్రియుడు
నాలుగోవంతు ప్రశ్నను అందరూ వదిలేశారు. అక్కడ సవరణే అక్కర్లేదు. ఏడుగురిలో ఒకరు పోతే 14 శాతం, ఇద్దరు పోతే 28 శాతానికి పైన. “నాలుగోవంతు లేదా అంతకు మించి” అని రాస్తే రెండో బొమ్మ పడగానే పరీక్ష. కూలిన బొమ్మలను నాలుగుతో గుణించండి, అది దళంలో మొదట ఉన్న బొమ్మల సంఖ్యకు సమానమైనా, మించినా పరీక్ష. భిన్నం కాగితం మీదికే రాదు. వార్‌హ్యామర్ 40,000లో కూడా దళం “సగం బలంకన్నా తక్కువ” అయిందా అని పోల్చి చూస్తారు గాని సగాన్ని సవరించరు. ఐదుగురి దళంలో ఇద్దరు మిగిలితే సగంకన్నా తక్కువ. పదిమందిలో ఐదుగురు మిగిలితే కాదు.

పాత_పాచిక
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని ఇలా రాసుకున్నాం. దాడి చేసే దళం పాచికలు సగమైతే పైకి సవరించాలి, ఎందుకంటే ఒక్క బొమ్మే మిగిలిన దళం కూడా ఒక్క పాచికైనా వేయాలని మా నలుగురి కోరిక. రక్షణవల్ల దెబ్బ సగమైతే ఒక దాడిలోని దెబ్బలన్నీ కలిపి, చివర్లో ఒకేసారి కిందికి సవరించాలి. రంగుల_కుంచె గారి రాక్షసుడి కథ విన్నాక అక్కడ ఎవరూ అడ్డు చెప్పలేదు. ధైర్య పరీక్షకు నాలుగుతో గుణించే పద్ధతి పెట్టుకున్నాం.

బస్సుల లెక్క మేనల్లుడికి ఇచ్చాను. వాడు కాసేపు ఆలోచించి 32 అని రాశాడు. తరువాత మా నియమాల కాగితం తీసుకుని, ప్రతి “సగం” పక్కనా పెన్సిలుతో పైకో కిందికో ఒక చిన్న బాణం గుర్తు గీశాడు. మూడోచోట ఏ గుర్తూ పెట్టకుండా ఆగి, “మామయ్యా, బురదలో నడక సగం అని రాశారు. ఐదు అంగుళాల్లో సగాన్ని సవరించడమెందుకు? టేపు మీద రెండున్నర ఉంది కదా” అని అడిగాడు. ఆ వాక్యం పక్కన ఇప్పుడు “సవరణ లేదు” అని రాసి ఉంది.