‘స్థావర హక్కులు’ అంటే ఎవరి హక్కులు?

స్పెయిన్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అమెరికాకు ఇచ్చిన ‘బేస్ రైట్స్’ని ‘స్థావర హక్కులు’ అన్నాను. మా అన్నయ్య చదివి, "ఇదేదో ఆస్తి తగాదాలా ఉందే" అన్నాడు. ఇంకేమనొచ్చండీ?

* * *

మీ అన్నయ్యగారు పట్టుకున్నది అసలు విషయమే. మా తాతగారి పంపకాల కాగితంలో ‘స్థావర జంగమ ఆస్తులు’ అని ఉంటుంది. స్థావరమంటే కదలనిది: ఇల్లు, పొలం, దొడ్లో బావి. ఎడ్లూ బండీ ఇత్తడి బిందెలూ జంగమం. పేపర్లలో ‘సైనిక స్థావరం’ స్థిరపడింది కాబట్టి ఆ మాట ఉంచండి. పక్కన ‘హక్కు’ చేరగానే మాత్రం భూమి చేతులు మారినట్టు వినిపిస్తుంది. స్పెయిన్ ఒప్పుకోనిది సరిగ్గా అదే. 1953 సెప్టెంబరు 26న మాడ్రిడ్‌లో అమెరికాతో ఒప్పందం మీద సంతకాలైనప్పుడు కూడా రోటా, మోరోన్, సరగోసా, టొర్రెహోన్ స్థావరాల మీద జెండా స్పెయిన్‌దే అని రాయించుకున్నారు. 1970 ఒప్పందంలోనైతే వాటిని ‘సదుపాయాలు’ అన్నారు. అందుకే నేనైతే ‘స్థావరాల వాడుక’ అంటాను. పొలం మనది, దారి వాడుక పక్కవాళ్లది అని ఊళ్లో అంటాం కదా, ఆ వాడుక.

* * *

‘కౌలు’ అంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుందేమో?

* * *

కౌలంటే ఏడాదికింత అని ముట్టాలండీ. ఆ కాగితాల్లో అద్దె మాటే ఎత్తలేదు, అన్నీ సాయం, సహకారం అనే రాసుకున్నారు. స్పెయిన్ నియంత ఫ్రాంకోకి 1953లో డబ్బు ఎంత అవసరమో గుర్తింపూ అంతే అవసరం. 1946లో అక్కడి నుంచి రాయబారుల్ని వెనక్కి పిలవమని ఐక్యరాజ్యసమితి సిఫారసు చేసిన దేశం అది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూరప్‌ని నిలబెట్టడానికి అమెరికా ఇచ్చిన మార్షల్ సాయమూ దక్కలేదు. ఒప్పందమైన రెండేళ్లకు, 1955లో, సమితిలో సభ్యత్వం వచ్చింది.

1970 ఆగస్టు 6 నాటి ‘స్నేహ సహకార ఒప్పందం’లో చదువుకీ, సైన్సుకీ కూడా చోటుంది. స్పెయిన్ కొత్త విద్యా చట్టం తేదీ చూడండి, అదే ఏడాది ఆగస్టు 4. రెండు రోజుల తేడా! బడుల సంస్కరణా, యుద్ధవిమానాల రన్‌వేలూ ఒకే వారంలో కాగితమెక్కాయి. దీన్ని ‘ప్రతిఫలం’ అంటే బేరంలా ఉంటుంది, ‘కానుక’ అంటే అబద్ధమవుతుంది. మన ‘ఇచ్చిపుచ్చుకోవడం’ చక్కగా సరిపోతుంది. పెళ్లి మాటల్లో కూడా దాన్నే వాడతాం, అందులో లెక్కా ఉంటుంది, మర్యాదా ఉంటుంది.

ఇంకొకటి. 1953, 1970లవి ‘ఒప్పందాలు’ అనే రాయండి, వాటి మీద అమెరికా సెనేట్ ఓటు లేదు. 1976 జనవరి 24న సంతకమైనదాన్ని సెనేట్ ఆమోదించింది, దాన్ని ‘ఒడంబడిక’ అనండి. అన్నిటికీ ఒకే మాట వాడితే, స్పెయిన్ ఇరవై మూడేళ్లు పట్టుబట్టి సంపాదించుకున్న తేడా తెలుగులో మాయమైపోతుంది.

* * *

అయితే వాక్యం ఇలా మార్చాను: ‘దౌత్యంలోనూ చదువులోనూ సహకారానికి బదులుగా స్పెయిన్ తన స్థావరాలను వాడుకోనిచ్చింది.’

* * *

‘తన’ అన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. ‘బదులు’ కూడా బాగా కుదిరింది. చేబదులులో ఉన్న బదులే కదా అది. తీసుకున్నది తిరిగిచ్చినట్టే, టొర్రెహోన్, సరగోసాలను అమెరికా 1990లలో ఖాళీ చేసి వెళ్లింది.