1985 నాటి అమెరికా టెక్నీషియన్ లైసెన్స్: జనరల్‌కి ఏ రుజువు చాలుతుంది?

నమస్కారం. మాది హైదరాబాద్, ఈసీఐఎల్ దగ్గర. నేనడిగేది ఇక్కడి వీయూ లైసెన్స్ (ఇండియా హ్యామ్ రేడియో లైసెన్స్) గురించి కాదు, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే హ్యామ్ లైసెన్స్, అంటే సరదాకి రేడియో నడుపుకునే లైసెన్స్ గురించి.

నాన్నగారు అక్కడ చదువుకునేటప్పుడు 1985లో టెక్నీషియన్ లైసెన్స్ తీసుకున్నారు. ఇండియా వచ్చేశాక అది ఎప్పుడో ఎక్స్‌పైర్ అయిపోయింది. ఇప్పుడు డాలస్‌లో అక్క దగ్గరికి వెళ్తూ, మళ్లీ రేడియో మొదలుపెడతానంటున్నారు. 1987 మార్చి 21కి ముందు టెక్నీషియన్ అయినవాళ్లు దానిపై మెట్టయిన జనరల్ పేపర్, అంటే ఎలిమెంట్ 3, మళ్లీ రాయక్కర్లేదు. అప్పట్లో రెండింటికీ థియరీ ఒకటే మరి. గడువు దాటింది కాబట్టి ఎలిమెంట్ 2, అంటే టెక్నీషియన్ పేపర్, మాత్రం రాయాలి. 35 ప్రశ్నల్లో 26 రైటయితే పాస్, దానికి ఆయనకేం టెన్షన్ లేదు.

చిక్కంతా రుజువు దగ్గరే. ట్రంకు పెట్టెలో లైసెన్స్ జిరాక్స్ దొరికింది కానీ, తేదీ ఉన్న మూల చెదలు తినేశాయి. 1986 కాల్‌బుక్ (లైసెన్స్ ఉన్న హ్యామ్‌ల డైరెక్టరీ) స్కాన్‌లో ఆయన కాల్‌సైన్ (రేడియోలో వాడే గుర్తింపు అక్షరాలు), పక్కన టెక్నీషియన్ గుర్తు ఉన్నాయి. పేరే తేడా: అందులో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మన పేర్లతో ఎక్కడికెళ్లినా ఇదే గోల.

పరీక్ష పెట్టే వాలంటీర్ ఎగ్జామినర్లు కాల్‌బుక్ పేజీ ప్రింటవుట్ ఒప్పుకుంటారా? సంవత్సరం కనిపించే అట్ట పేజీ కూడా జత చేయాలా? పేరు తేడాకి ఆయన టెన్త్ సర్టిఫికెట్ చాలుతుందా, ఇక్కడే నోటరీ అఫిడవిట్ చేయించాలా? ఇలా పాత టెక్నీషియన్‌తో జనరల్ తెచ్చుకున్నవాళ్లుంటే కాస్త చెప్పండి, ప్రయాణం వచ్చే నెలే.